గుడి తప్పిన రాయి

కృష్ణానగర్, హైదరాబాదు
18 జనవరి 1994

ప్రియమైన తమ్ముడు సెబాస్టియన్‌కి,

అక్క కరుణాకుమారి దీవెనలు. దేవుని దయవల్ల మేము క్షేమం. మీ బావగారి దగ్గు తగ్గింది. వేడినీళ్ళు తాగమంటే మాత్రం వినరు.

నీకొక వింత చెప్పాలి. నేను కుట్టుపని చేసే స్టూడియోలో, వెనక ఖాళీ స్థలంలో, పాతకాలపు టౌను హాలు సెట్టు వేస్తున్నారు. కిటికీ తెరలకు కొలతలు తీసుకోమని నన్ను పంపారు. మలుపు తిరిగి తల ఎత్తేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. అది మన సోమరాజుపేట టౌను హాలు. ముందు ఆరు గుండ్రటి స్తంభాలు, అర్ధచంద్రంలా ఏడు మెట్లు, పైన ఆడవాళ్ళు పరదాగా కూర్చుని సభలు వినడానికి కట్టిన చెక్కజాలీ వసారా. అమ్మ మనిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని హరికథలు విన్న వసారా అది. నుదుటి మీద గడియారం కోసం వదిలిన గుండ్రటి కన్నం కూడా మరిచిపోలేదు. సీమ నుంచి రావలసిన గడియారం యుద్ధం వచ్చి ఆగిపోతే పావురాలు కాపురం పెట్టాయని నాన్న చెప్పేవాడే, ఆ కన్నం.

సంతోషంతో వెళ్ళి స్తంభం మీద చెయ్యి వేశాను. డొల్ల. లోపల గోనెగుడ్డ, పైన ప్లాస్టరు. వెనక్కి వెళితే గోడే లేదు, సరుగుడు కర్రలు నిలబెట్టి ఉన్నాయి. గానుగ సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి రుద్దిన మన గోడలు వేసవిలో చెంప ఆనిస్తే ఎంత చల్లగా ఉండేవి.

ఒక్కటి లోటు. తలుపు పక్కన తాత చెక్కిన రాయి చోటు ఖాళీగా ఉంది. తాతకు చదువు రాదని, పంతులుగారు సుద్దతో రాసిపెడితే ముందు అక్షరాల ఒళ్ళన్నీ చెక్కి, తలకట్లూ గుళ్ళూ చివరికి ఉంచుకున్నాడని, ఈలోగా వాన పడి సుద్ద చెదిరిందని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పింది. డ మీద పెట్టవలసిన గుడి న మీద పెట్టాడు. "పురజనుల చందాలతో కట్టబడినది" అని ఉండాల్సింది "కట్టబడనిది" అయి కూర్చుంది. అప్పటికే మన ఇల్లు కతోలికంలో కలిసి ఉండడంతో ఊరికి రెండు విధాలా నోరు దొరికింది. గుడి తప్పినోళ్ళు అన్నారు. ఇప్పటికీ అంటున్నారా?

హాలు కాపలా ఉద్యోగం నీదే కాబట్టి, ఈ సినిమావాళ్ళు కొలతలకు వచ్చినప్పుడు తాళాలు తీసింది నువ్వే అయి ఉండాలి. నాకు ఒక్క ముక్క రాయలేదేం?

మీ అక్క,
కరుణ


సోమరాజుపేట
27 జనవరి 1994

గౌరవనీయురాలైన అక్కకు తమ్ముడు సెబాస్టియన్ నమస్కరించి రాయునది.

ఉత్తరం అందింది. సినిమావాళ్ళు నవంబరులో వచ్చారు. నాలుగు రోజులు ఫొటోలు తీసుకుని పోయారు. మున్సిపాలిటీ వాళ్ళు చూపించమన్నారు, చూపించాను. నువ్వు పనిచేసే చోటికే అది చేరుతుందని నాకేం తెలుసు.

ఇక్కడ హాలు కేసు ముదిరింది. జమీందారు దివాణం వారి మనవలు, స్థలం మా తాత ఇచ్చాడు, కట్టడం కూడా ఆయనదే, మాకు ఇచ్చేయండి, పడగొట్టి అంగళ్ళు కట్టుకుంటాం అంటున్నారు. ఊరు కట్టిందని చెప్పే కాగితాలు మనం పుట్టకముందు వచ్చిన ఉప్పెనలోనే పోయాయి. మిగిలింది ఆ రాయి ఒక్కటే. దాని మీది రాతను రాసుకొచ్చి వాళ్ళ వకీలు కోర్టులో నిలబడి చదివాడు. "కట్టబడనిది అని ఊరే రాసుకుంది కదండీ, ఇంకా వాదన దేనికి" అన్నాడు. జడ్జీగారితో సహా నవ్వారు. బయటికి వస్తుంటే, చిన్నప్పటి నుంచీ మనల్ని ఏడిపించే నీలమ్మ కొడుకు "ఒరేయ్ గుడి తప్పినోడా, మీ తాత మా కొంప కూల్చాడు కదరా" అని అందరిలో అన్నాడు. నలభై ఆరేళ్ళొచ్చాయి అక్కా నాకు. ఇంకా ఆ పేరే.

మార్చి ఏడున కోర్టు కమిషనరు హాలు చూడడానికి వస్తున్నాడు. రాయి సంగతి నేను చూసుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చి చదివినా నవ్వే పని లేదు. అంతకంటే ఉత్తరంలో ఎందుకు.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు


కృష్ణానగర్
6 ఫిబ్రవరి 1994

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు రాసినది చదివి బాధ కలిగింది. నవ్వే పని లేదన్నావు, ఎలా లేకుండా చేశావో రాయలేదు.

ఇక్కడ షూటింగు మొదలయింది. మొదట ఎందుకు సంతోషించానా అని ఇప్పుడు నామీద నాకే రోత. జాలీ వసారాలో డాన్సు అమ్మాయిలు చీరలు మార్చుకుంటున్నారు, పాపం, వాళ్ళకు వేరే గది ఇవ్వలేదు. కింద మెట్ల మీద మగవాళ్ళు బీడీలు కాలుస్తూ పైకి చూస్తూ కూర్చుంటారు. నేను ఆ జాలీకి లోపలివైపు దుప్పట్లు కుట్టి కట్టాను. మధ్యాహ్నానికి ఎవరో చింపేశారు. మెట్ల మలుపుల్లో కిళ్ళీ ఉమ్ములు. తిన్న ఆకులు స్తంభాల వెనక గుట్టగా పడేస్తే మూడు రోజులకు పురుగులు పట్టాయి. అన్నిటికంటే ఆ పావురాలు. గడియారం కన్నంలో నుంచి ఎగిరిపోకుండా కాళ్ళకు చేపల గాలం దారం కట్టారు. నిన్న ఒకటి దారానికి తలకిందులుగా వేలాడుతూ చచ్చి ఉంది. దాని కిందే మైకు పెట్టుకుని ధర్మం గురించి మాటలు చెబుతున్నారు. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

ఇంకో సంగతి. మన రాయిని కూడా దించేశారు. ఎంత బాగా పోత పోశారంటే, గుడి తప్పు కూడా తప్పకుండా దించారు. హాస్యనటుడు దాని ముందు నిలబడి "కట్టబడ... నిది" అని ఆగి చదివి, "కట్టనిదాన్ని కూల్చడమెలా బాబాయ్" అంటాడు. పది సార్లు తీశారు. పది సార్లూ అందరూ నవ్వారు. నేను తెర అంచు కుడుతూ తల వంచుకున్నాను. సూది వేలికి దిగింది.

సినిమా చివర ఈ హాలును మందుపెట్టి పేలుస్తారట. మార్చి పన్నెండున.

ఊళ్ళో అసలు రాయి ఎలా ఉంది? వెంటనే జవాబు రాయి.

మీ అక్క,
కరుణ


సోమరాజుపేట
11 ఫిబ్రవరి 1994

అక్కకు,

పని ఒత్తిడిలో రెండు ముక్కలు. రాయి బాగానే ఉంది. పాతబడితే కొంచెం బాగుచేయించాం. నువ్వు దాని సంగతి అక్కడ ఎవరినీ అడగవద్దు. సినిమావాళ్ళకు వంద పనులుంటాయి, ఊరికే విసిగించినట్టు ఉంటుంది. నువ్వు అసలే నెమ్మదస్తురాలివి, నీ కుట్టుపని నువ్వు చూసుకో.

తపస్సు కాలం వస్తోంది. నాకోసం ప్రార్థించు.

సెబాస్టియన్


కృష్ణానగర్
విభూది బుధవారం

సెబాస్టియన్‌కి,

ప్రార్థించమన్నావు. పొద్దున్నే నుదుట విభూది పెట్టించుకుని, ఒక్కపొద్దుతో పనికి వెళ్ళాను. ప్రార్థన అక్కడే ఆగిపోయింది.

రాయి మీద ఎవరో సాంబారు ఒలకబోసి పోయారు. గుడ్డ తడిపి తుడుస్తున్నాను. పదకొండింటి ఎండ. స్తంభం కాలుతోంది, మెట్టు కాలుతోంది, ఆ రాయి మాత్రం చల్లగా ఉంది. ప్లాస్టరు చల్లగా ఉండదు. కుడివైపు అంచు మీద వేలు పెట్టాను. గుంట ఉంది. నువ్వూ నేనూ బడి నుంచి వస్తూ బాదంకాయలు పెట్టి కొట్టి కొట్టి చేసిన గుంట. నా వేలు అందులో సరిగ్గా ఇమిడింది.

అక్కడే చతికిలబడ్డాను. సెట్టు మేస్త్రీ బాలనర్సయ్య చూసి వచ్చాడు. రహమత్ నగర్ మనిషి, పెద్దవాడు, నన్ను అమ్మా అంటాడు.

"ఏందమ్మా గట్ల గూసున్నవ్? ఒక్కపొద్దు గిట్ల ఉన్నవా?"

ఈ రాయి ఎవరు పోశారని అడిగాను.

"పోసుడేంది? గిది అసలు రాయి. సరుగుడు కట్టెల లారీల వచ్చింది. మీ ఊరోళ్ళే తీసిచ్చిన్రు. దీనికి బదులు నల్లరాయి అడిగిండ్రు, బంగారు అచ్చరాలతోని. నల్లరాయి యాడికెల్లి తెస్తం? నేనే పీఓపీ పోసి, నల్లరంగేసి, వార్నీషు గొట్టి పంపిన. జర దూరంకెల్లి జూస్తే ఎవడు గుర్తు వట్టడు. దగ్గరికొచ్చి తడితేనే డబ్బా లెక్క మోగుతది."

ఆయన తన పనితనం చెప్పుకున్నాడు, ఆయన తప్పేం లేదు.

హాలు తాళాలు నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉన్నాయి?

అసలు సంగతి ఇంకా ఉంది. రాయి అడుగుభాగం కెమెరాకు కనపడకుండా చెక్క అడ్డం పెట్టారు. బాలనర్సయ్య చేత అది తీయించాను. మనం పుట్టకముందు, ఆ ఉప్పెన తరువాత వరండా ఎత్తు పెంచినప్పుడు సిమెంటులో పూడిపోయిన రెండడుగులు. మట్టి కడిగితే పేర్లు బయటపడ్డాయి. ముప్ఫై ఒకటి. కుమ్మరి ఓదెలు, పెంకులు ఆరు బండ్లు. గాజుల రాజమ్మ, కూలీలకు నెల రోజుల అంబలి. సాయిబుల వీధి, దూలాలు తొమ్మిది. దివాణం వారు, స్థలము మాత్రము. చెక్కింది తాతే, "మాత్రము" అని. చిట్టచివర, చిన్న అక్షరాలతో, చిన్నప్ప మేస్త్రీ, నలభై రోజుల పని.

"మీ తాత పేరు నేల కింద ఉంది" అని నాయనమ్మ అంటే మనం సమాధి అనుకున్నాం.

కేసు మొత్తం ఈ రెండడుగుల్లో ఉంది. దాన్ని పీకి పేల్చుకొమ్మని పంపావు. దాని చోట కోర్టువారికి చూపించడానికి రంగు వేసిన డొల్ల నిలబెట్టావు. కమిషనరు వేలితో ఒక్కసారి తడితే, ఊరు దొంగసాక్ష్యం పెట్టిందని దివాణం వకీలు పండగ చేసుకుంటాడు. అప్పుడు హాలు పోతుంది, ఊరి పరువూ పోతుంది.

ఉమ్ములు చూసి రోత పుట్టింది, చచ్చిన పావురాన్ని చూసి పుట్టింది. ఇవాళ నీ దస్తూరీ చూసినా అలాగే ఉంది. ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

పేర్లు నువ్వు చూశావా? అవునో కాదో ఒక్క మాట రాయి.

కరుణాకుమారి


సోమరాజుపేట
22 ఫిబ్రవరి 1994

అక్కా,

చూడలేదని రాసి ఒక ఉత్తరం చించేశాను. చూశాను.

రాయి పెకలించిన రోజు కింద మట్టిలో అక్షరాలు కనిపించాయి. చేత్తో తుడిచాను. మిగతావి చదవలేదు, అడుగున తాత పేరు వరకు చదివాను. అది చదివాక కూడా లారీ ఎక్కించాను. ఎందుకని అడుగుతావు. నిజం రాస్తున్నాను. పైన తప్పు, కింద ఆ తప్పు చేసినవాడి పేరు. ఆ రెండూ ఒకే రాయి మీద ఉన్నాయని తెలిస్తే మనల్ని ఇంకో వందేళ్ళు అంటారనిపించింది. అది ఊరికి పనికొచ్చే సాక్ష్యమని నా బుర్రకు తట్టనే లేదు. నాకు ఆ గుడి ఒక్కటే కనపడింది. చిన్నప్పటి నుంచి అదే కనపడుతోంది.

పాతది చెడిపోతే ఊరే బాగుచేయించుకుందని చెప్పొచ్చని, కొత్త రాయి మీద "కట్టబడినది" అని సరిగ్గా రాసి ఉంటే వకీలు నోరు మూతపడుతుందని అనుకున్నాను. ఊరికి మేలే చేస్తున్నాననుకున్నాను. అది ప్లాస్టరని నాకు తెలియదు, మరియమ్మ సాక్షిగా. మొన్న కడుగుదామని నీళ్ళు పోస్తే నల్లరంగు నా చేతికి అంటింది. అప్పటి నుంచి దాని మీద గోనెపట్టా కప్పి ఉంచాను.

సినిమావాళ్ళ కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నువ్వే రాశావు. ఏం చెయ్యమంటావు? ఆ రాయి అక్కడే పేలిపోతే, నేను ఏమీ ఎరగనట్టు, ఎవరో ఎత్తుకుపోయారని చెప్పడానికి వీలుంటుంది కదా అని కూడా ఒక ఆలోచన వచ్చింది. అది కూడా నీకు రాస్తున్నాను, దాచకూడదని.

సెబాస్టియన్


కృష్ణానగర్
1 మార్చి 1994

సెబాస్టియన్‌కి,

చివర రాసిన ఆలోచన చదివి ఉత్తరం బల్ల మీద పెట్టి చేతులు కడుక్కున్నాను. రాసినందుకు మాత్రం దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

సెట్టు మేనేజరు మల్లికార్జున్ దగ్గరికి వెళ్ళాను. మీ తమ్ముడి సంతకం ఉంది, రాయి మాది అన్నాడు. పేలుడులో ముక్కలు ఎగరడానికి అసలు రాయి అయితేనే తెర మీద బాగుంటుందట. ఆ మాట టీ చప్పరిస్తూ అన్నాడు. ఆ రాయి మీద ముప్ఫై ఒక్క కుటుంబాల పేర్లున్నాయని చెప్పాను. "కెమెరాకు కనపడవు లేమ్మా" అన్నాడు.

నాకు గట్టిగా మాట్లాడడం రాదు. "అలాగే బాబూ. పన్నెండో తారీఖు పొద్దున నేను ఆ రాయి పక్కన కూర్చుని జపమాల చెప్పుకుంటాను. మీ పని మీరు కానివ్వండి" అన్నాను.

ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. బయట నిలబడి వింటున్న బాలనర్సయ్య లోపలికి వచ్చి "సార్, ఆమె అన్నదంటే గూసుంటది. నేను రేపటి వరకు పోత పోసిస్త. మీకు ముక్కలే గదా గావాలె, ఎన్నంటే అన్ని ఎగిరిపిస్త" అన్నాడు. మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు.

పోత పోస్తూ బాలనర్సయ్య నన్ను అడిగాడు, గుడి తప్పుకాడ పెట్టాలా, సరిగ్గ పెట్టాలా అని. పేల్చేసేదే కదా, దీని మీద సరిగ్గా పెట్టమన్నాను.

రాయి రేపు బయలుదేరుతుంది. సరుగుడు కర్రలు దింపి ఖాళీగా పోయే లారీలోనే. పాత చీరలు నాలుగు మడతలు కుట్టి చుట్టాను. ఐదో తారీఖుకు చేరుతుంది. ఏడున కమిషనరు వచ్చేసరికి ఆ డొల్లను నువ్వే నీ చేత్తో తీసి, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నువ్వే చెప్పాలి. ముందు చర్చిలో విచారణ గురువుల దగ్గరికి వెళ్ళి పాపసంకీర్తనం చెయ్యి, చేసింది ఒప్పుకో. అది చాలదు. ఆ గదిలో చెప్పింది దేవుడికి. ఇది ఊరికి.

నువ్వు చెప్పకపోతే నేను వస్తాను. బస్సు టికెట్టు తీసి పెట్టుకున్నాను.

కరుణాకుమారి


సోమరాజుపేట
9 మార్చి 1994

అక్కకు,

నువ్వు రాలేదు కాబట్టి, నేను చెప్పానని నీకు మున్సిపాలిటీ నుంచి ఎవరో మీ స్టూడియోకి ఫోను చేసి చెప్పి ఉంటారు. అయినా నేను రాయాలి.

కమిషనరు పదింటికి వచ్చాడు. ఊరంతా వరండాలో ఉంది. ఆయన తట్టకముందే నేను ముందుకెళ్ళి నల్లరాయిని తట్టాను. డబ్బాలా మోగింది. ఇది నేను పెట్టించిన దొంగరాయి అండీ అన్నాను. నీలమ్మ కొడుకు నా మెడ పట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు. నా చొక్కా చిరిగింది. కమిషనరే వదలమన్నాడు.

తరువాత నీ చీరలు విప్పి అసలు రాయి నిలబెట్టాం. దివాణం వకీలు మళ్ళీ పైన చదివాడు, "కట్టబడనిది" అని, ఒత్తి ఒత్తి. కమిషనరు అడుగున ఉన్నది చదవమని నాకే చెప్పాడు. వంగి మొదలుపెట్టాను. ఓదెలు పేరు చదివేసరికి వెనక నుంచి ఒక ముసలాయన "మా తాత" అన్నాడు. రాజమ్మ పేరుకు గాజుల వీధి ఆడవాళ్ళు ముందుకు వచ్చారు. దివాణం వారు స్థలము మాత్రము అని చదివినప్పుడు వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివర తాత పేరు. నలభై రోజుల పని. నీలమ్మ కొడుకు నావైపు చూడలేదు, రాయి వైపే చూస్తున్నాడు.

కమిషనరు ముప్ఫై ఒకటీ రాసుకున్నాడు. రాయి పాతదే, పేర్లు ఆ చేతివే అని రిపోర్టులో రాస్తున్నానని ఊరందరి ముందూ చెప్పాడు. తీర్పు వచ్చేదాకా గోడ మీద ఎవరూ చెయ్యి వేయకూడదని ఆర్డరు తెస్తామని మన వకీలు అంటున్నాడు.

నా తాళాలు తీసేసుకున్నారు. ఉద్యోగం లేదు. చర్చిలో పూజకు వెళితే నా వరసలో ఎవరూ కూర్చోవడం లేదు.

ఒక్క మాట అడగాలి. వెంకటనర్సయ్య అని రాతిపనివాడు ఉన్నాడు. న మీద గుడి చెరిపి, డ మీద చెక్కడం గంట పని, తెలియకుండా చేస్తానంటున్నాడు. ఇప్పుడు ఊరికి సంగతి తెలిసింది కాబట్టి తప్పేం లేదంటున్నారు కొందరు. నువ్వు ఊఁ అంటే చేయిస్తాను.

తమ్ముడు


కృష్ణానగర్
14 మార్చి 1994

సెబాస్టియన్‌కి,

నువ్వు చెప్పావని విన్నాను. నీ ఉత్తరం వచ్చాక నమ్మాను.

మొన్న సెట్టు పేల్చారు. అందరం దూరంగా తాళ్ళ వెనక నిలబడ్డాం. పావురాలను విప్పమని బతిమాలితే విప్పారు, అయినా రెండు కన్నంలోనే ఉండిపోయాయి. పెద్ద శబ్దం, తెల్లటి దుమ్ము, చప్పట్లు. మల్లికార్జున్ ఈల వేశాడు. దుమ్ము నా నోట్లోకి వచ్చింది, సుద్దలా, చప్పగా, ఇంకా నాలుక మీద ఉన్నట్టే ఉంది. తరువాత నేను తెరల పీలికలు ఏరడానికి వెళితే కాలికి ఒక పెచ్చు తగిలింది. "బడిన" వరకు ఉంది దాని మీద. గుడి చక్కగా డ మీదే ఉంది. చూసి అక్కడే పడేశాను.

వెంకటనర్సయ్యను పంపించెయ్యి. ఊరు కావాలన్నా వద్దని చెప్పు. ఆ రాయి మీద ఇక ఎవరి ఉలీ పడకూడదు. ఒకసారి సరిచేద్దామనుకునే కదా నువ్వు ఇంత దూరం వెళ్ళావు. తాత తప్పు వానలో జరిగింది. దాన్ని దాచుకోకుండా కింద తన పేరు చెక్కుకున్నాడు.

ఈస్టరుకి, పాస్కా పండక్కి వస్తాను. నీ మీద రోత పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అది కూడా రంగు వేసిన రాయే అవుతుంది. గుడిలో నీ వరసలో ఎవరూ కూర్చోవడం లేదన్నావు. నా చోటు అట్టే పెట్టు.

మీ అక్క,
కరుణ